పద్దెనిమిది మిల్లీమీటర్ల తప్పు

ఆ వీధిలో ఏ తలుపైనా ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుని, వదిలిన చోట చప్పుడు లేకుండా ఆగిందంటే, అది మిల్లీమీటరుగారి చేతి పని. కిర్రుమనే తలుపులున్న ఇళ్ళవాళ్ళు ఆయనతో ఎప్పుడో ఒకప్పుడు పేచీ పెట్టుకున్నవాళ్ళు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఓటర్ల జాబితాకు తప్ప అది ఇంకెవరికీ పనికిరాలేదు.

బిరుదు వచ్చిన వైనం ఇది. ఒక పెద్దమనిషి బీరువా చేయించుకుంటూ, "ఓ అంగుళం అటూ ఇటూ అయినా ఏం పరవాలేదు మేస్త్రీ, కానివ్వండి" అన్నాడు, పాపం మంచితనం కొద్దీ. మేస్త్రి ఉలి కింద పెట్టి, చేతులు దులుపుకుని, "అంగుళంలో ఇరవై అయిదు మిల్లీమీటర్లుంటాయండీ. నాచేత ఇరవై అయిదు తప్పులు చేయిస్తారా?" అని ఇంటికి వెళ్ళిపోయాడు. మూడో రోజున ఆ పెద్దమనిషి స్వయంగా వచ్చి తన అంగుళాన్ని వెనక్కి తీసుకుంటే గాని బీరువాకు తలుపులు రాలేదు.

ఇంతటి పట్టుదల ఆయనకు పడవల షెడ్డులో అబ్బింది. చెక్క పడవలు కట్టే రోజుల్లో ఎనిమిదేళ్ళు అక్కడ పని నేర్చుకున్నాడు. షెడ్డు గురువు కొత్త పడవను తొట్టిలా నీళ్ళతో నింపి, కింద పాత కాగితాలు పరిచి, మర్నాడు వచ్చి చూసేవాడు. కాగితం మీద గోరంత తడి కనిపిస్తే, ఆ అతుకు వేసినవాడితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు. మిల్లీమీటరుగారితో ఆయన ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా మాట మానలేదు. మాట్లాడినవన్నీ తిట్లే అనుకోండి, అది వేరే సంగతి.

చెక్క పడవలు పోయి రేకు పడవలు వచ్చాక షెడ్డు మూతపడింది. ఆయన నేల మీదికి వచ్చి తలుపులూ కిటికీలూ బీరువాలూ పట్టుకున్నాడు. కాని చుక్క కారకూడదన్న సూత్రం ఒంట్లో ఉండిపోయింది. ఆయన చేసిన పుస్తకాల బీరువాలో నీళ్ళు పోసినా నిలుస్తాయని వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఎవరూ పోసి చూడలేదు.

పెళ్ళి ఒకసారి దగ్గరదాకా వచ్చింది. పెళ్ళికూతురి ఇంటికి మాట్లాడటానికి వెళ్ళినవాడు, వాళ్ళ వీధి గుమ్మం ఆరు మిల్లీమీటర్లు వాలిందని గమనించి, ఉండబట్టలేక, చొక్కా విప్పి సరిచేసి వచ్చాడు. గుమ్మం ఇప్పటికీ నిటారుగా ఉంది. ఆ పిల్ల వేరే ఎవరినో చేసుకుంది.

కాబట్టి ఇంట్లో ఉండేది ఇద్దరు: అరవై రెండేళ్ళ మిల్లీమీటరుగారు, ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క. అక్కకు పెళ్ళయిన మూడో ఏట భర్త జ్వరంతో పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చి, తపాలా ఆఫీసులో చేరి, ముప్పై ఒక్క ఏళ్ళు కిటికీ వెనక కూర్చుని ముద్రలు కొట్టింది. ఎదుటివాడి పని అయిపోగానే తలెత్తకుండా "తర్వాత!" అనడం అక్కడ అలవాటైంది. ఇంట్లోనూ అంతే. తమ్ముడి వాదన మూడు వాక్యాలు దాటితే "తర్వాత!" అనేది. వెనక వరసలో ఎవరూ లేకపోయినా ఆయన పక్కకు తప్పుకునేవాడు.

పగలంతా కూర్చుని విసిగిన ఒంటిని అక్క సాయంత్రం తిన్నగా పెరట్లోకి తీసుకుపోయేది. చిక్కుడూ టమాటా ముల్లంగీ, వాటి మధ్య బంతిపూలు. ఉద్యోగం మానేశాక పొద్దుట కూడా పెరడే. ఇంటి ముందున్న షెడ్డు తమ్ముడిది, వెనకున్న మట్టి అక్కది. ఒకరి రాజ్యంలోకి ఒకరు అడుగుపెట్టకూడదన్న ఒప్పందం ముప్పై ఏళ్ళు నడిచింది. రెండుసార్లు మాత్రం భంగపడింది. ఆయన ఒకసారి వంకరగా ఉన్న బంతి వరసను దారం కట్టి తిన్నగా నాటాడు. ఆమె ఒకసారి ఆయన ఉలితో కలుపు తీసింది. ఈ రెండు దురాగతాలూ ఇరవై ఏళ్ళుగా నెలకోసారైనా ప్రస్తావనకు వచ్చేవి.

వాన వెలిసిన ఒక పొద్దున అక్క చిక్కుడు పాదు దగ్గర వంగింది. లేవబోయి జారింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు రెండు మాటలు చెప్పి పంపాడు. ఇక ఈ జన్మలో నేలకు వంగకూడదు. రోజుకు అరగంట నిలబడి తీరాలి. మూడు నెలల్లో నిలబడటం అలవాటు కాకపోతే ఆ కాలు కుర్చీకే అలవాటుపడుతుంది, ఆ తర్వాత ఎవరూ చెయ్యగలిగింది లేదు. కసరత్తు చేయించడానికి రోజూ పదింటికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. అక్క ఆ పిల్లకు కసరత్తు పిల్ల అని పేరు పెట్టింది.

"లేవండి అమ్మమ్మగారూ. ఒక్క అరగంట."

"నిలబడి ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదండీ. నిలబడితే చాలు."

"ఊరికే నిలబడటానికి నేనేమన్నా వీధి దీపం స్తంభాన్నా? తర్వాత!"

కసరత్తు పిల్ల బతిమాలింది, కసిరింది, తన ఉద్యోగం పోతుందని అబద్ధం కూడా ఆడింది. అక్క నడవడానికి ఆసుపత్రివాళ్ళిచ్చిన చట్రం పట్టుకుని మూడు నిమిషాలు నిలబడి, గడియారం చూసి, కూర్చునేది. అంతకుమించి ఒక్క నిమిషం ఇచ్చేది కాదు. మొదటి వారం కుర్చీ పెరటి కిటికీకి ఎదురుగా ఉండేది. రెండో వారం అక్క దాన్ని గోడవైపు తిప్పించుకుంది. గోడ మీద కేలండరు తప్ప ఏమీ లేదు. పెరట్లో గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. మూడో వారం, భోజనం దగ్గర, ఉప్పు అడిగే గొంతుతోనే అంది:

"పెరడంతా సిమెంటు చేయించెయ్యరా."

మిల్లీమీటరుగారి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆ పెరటి మట్టిని అక్క పిడికెడు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు అక్క పిలిపిస్తే తాపీమేస్త్రి వచ్చాడు. ఆయన పక్క వీధివాడు, ఇద్దరి పెరళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. ఏ చుట్టరికమూ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు, ఆ పిలుపు చాటున తిట్టుకోవడం సులువని. పెరడంతా ఓసారి కలియజూసి, "నాలుగు రోజుల్లో పలకలా చేసిస్తానక్కగారూ. చీపురు ఆడిస్తే చాలు. కొలవనక్కర్లేదు, చూపులోనే తెలిసిపోయింది" అన్నాడు.

"చూపులోనే కొలిచేవాడివి కాబట్టే నువ్వు కట్టిన గోడలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి" అన్నాడు మిల్లీమీటరుగారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ ఇల్లు బంగారం కానూ, కాస్త ఆగవయ్యా బావా" అని, లోపలికి వెళ్ళి అక్క కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అక్కా. నువ్వు నేలకి వంగలేవు. అంతేగా?"

"అంతే."

"అయితే నేలనే పైకి లేపుతాను."

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "నేలంటే నీ బీరువాలో అరనుకున్నావా?"

"అలాంటిదే. నాలుగు కాళ్ళ మీద పెద్ద పెట్టె. నిండా మట్టి. నువ్వు నిలబడే పని చేసుకోవచ్చు. ఒక్కటంటే ఒక్క మడి కట్టనీ. డాక్టరు చెప్పిన మూడు నెలలు నిండేసరికి అందులో పచ్చగా ఏమీ లేకపోతే..."

"సిమెంటు."

"సిమెంటే."

"మాట తప్పకూడదు. తర్వాత!" అని అక్క కేలండరు వైపు తిరిగింది. అందులో తేదీ లెక్కపెట్టుకోవడానికే తిరిగిందని ఆయన మనసును సముదాయించుకున్నాడు.

ఇక కొలత. మడి అంచు ఎంత ఎత్తుండాలి? అక్కను నిలబెట్టి కొలుద్దామంటే ఆమె నిలబడదు. నిలబడితే ఈ గొడవే లేదు. ఆమె మూడు నిమిషాల నిలువు మీద ఆయనకు నమ్మకం లేదు, ఒంగి చట్రం మీద వాలి నిలబడేది. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు పెరటి తలుపు దాటుతూ ఆగిపోయాడు.

ఆ గుమ్మం తను వేసిందే, ముప్పై ఏళ్ళ కిందట. దాని కుడివైపు చెక్క మీద రంగు పోయి, అరచెయ్యంత మేర నున్నగా, నల్లగా మెరుస్తోంది. పెరట్లోకి దిగే ముందు అక్క రోజూ అక్కడ చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి, మొక్కలన్నిటినీ ఒకసారి చూసుకునేది. చిత్రిక పట్టినా అంత నునుపు రాదు. ఆయన జేబులోంచి టేపు తీసి, గడప నుంచి ఆ మచ్చ నడిమి దాకా కొలిచాడు. తొమ్మిదివందల ఇరవై మిల్లీమీటర్లు. మనిషి చెయ్యి శ్రమ లేకుండా వాలే ఎత్తు అది. కాగితం మీద రాసుకుని, అంకె చుట్టూ రెండుసార్లు గీత గీశాడు.

మడి కట్టడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ షెడ్డు ముందు వీధి ఆగి ఆగి నడిచింది. గుర్రాలకు తొట్టా అని ఒకరు, చిన్న పడవా అని ఒకరు అడిగారు. తాపీమేస్త్రి లోపలికి తొంగిచూసి, "ఇందులో ఎవరు పడుకుంటారు బావా?" అన్నాడు. మిల్లీమీటరుగారు తన పని తను చేసుకుపోయాడు. రెండు చేతుల వేళ్ళలో వేళ్ళు బిగించినట్టు మూలల్లో పళ్ళు కోసి దిగ్గొట్టాడు. ఆ అతుకుల్లో వెంట్రుక దూరదు. అడుగు చెక్కల సందుల్లో నూలు కూరాడు. లోపల మూడు పూతలు తారు, బయట నాలుగు పూతలు వార్నిష్. ఎనిమిది మంది మోసి దాన్ని పెరట్లో దింపినప్పుడు, పచ్చి గడ్డి మధ్య అది దారి తప్పి వచ్చిన పెళ్ళికొడుకులా నిలబడింది.

మట్టి, మాగిన ఎరువు, ఎండుటాకులు కలిపి నింపాడు. విత్తనాల డబ్బా కోసం అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె బయటికి రాలేదు గాని డబ్బా ఇచ్చింది.

"గింజ ఎంత లోతు పెట్టాలి?"

"గింజ మందానికి రెండింతలు."

"ఏ గింజ? చిక్కుడు గింజలు ఒకే మందం లేవు. ఇది ఎనిమిది, ఇది తొమ్మిదిన్నర."

"ఒరేయ్, అవి గింజల్రా, మేకులు కావు. వేలు పెట్టి నొక్కెయ్."

ఆయన వేలు పెట్టి నొక్కలేదు. ఒక పుల్లకు గుర్తులు పెట్టుకుని, ప్రతి గింజనూ కొలిచి, దాని లోతు దానికిచ్చి, నూటయాభై మిల్లీమీటర్ల ఎడంలో వరసలు పెట్టాడు. ఎనభై నాలుగు గింజలకు ఒక పూటా మర్నాడు సగం పూటా పట్టింది. మొత్తానికి ఆరో రోజున మొలకలు వచ్చాయి. అన్నీ తిన్నగా, కవాతుకు నిలబడ్డట్టు. ఆయన పరుగున లోపలికొచ్చి చెప్పాడు. అక్క తల తిప్పలేదు. కాని, "బంతి వచ్చిందా?" అని అడిగింది. కసరత్తు పిల్ల ఆ రోజు తన పుస్తకంలో నాలుగు నిమిషాలు అని రాసుకుంది.

అప్పుడు వాన పట్టింది. నాలుగు రోజులు విడవకుండా కురిసింది.

మిల్లీమీటరుగారికి అది పండగ. గురువు పోయి పాతికేళ్ళయింది. ఇప్పుడు ఆయన అతుకుల్ని పరీక్షించేవాళ్ళెవరు? గొడుగు పట్టుకుని వెళ్ళి, మడి కింద పొడి కాగితాలు పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి వచ్చాడు. మడి నిండింది. అంచు దాకా నిండింది. కాగితం మాత్రం పొడిగానే ఉంది. గోడ అవతల నుంచి తాపీమేస్త్రిని కేకేసి చూపించాడు.

"చూడు బావా! ఒక్క చుక్క కారిందేమో చూడు!"

తాపీమేస్త్రి వానలో తల మీద గోనె కప్పుకుని చూశాడు. "కారలేదు బావా. చేపలెప్పుడు వదుల్తావు?"

"అసూయ."

మొలకలు కాస్త పాలిపోయినట్టు ఆయనకూ అనిపించింది. ఎండ లేకనేమో అనుకున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం వాన తెరిపి ఇవ్వగానే ఆ కాగితాన్ని మడత నలగకుండా తెచ్చి, భోజనం చేస్తున్న అక్క ముందు పరిచాడు. బడిలో మొదటి మార్కు తెచ్చుకున్నవాడి మొహంతో నిలబడ్డాడు.

"ఏమిట్రా ఇది?"

"నాలుగు రోజుల వానక్కా! మడి కింద పెట్టాను. తడి ఉందేమో చూడు."

అక్క కాగితాన్ని చేత్తో తడిమింది. చెంచా కింద పెట్టింది.

"మరి నీళ్ళు ఎటు పోయాయి?"

"ఎటూ పోలేదు. పోనిస్తానా?"

అక్క మొహంలో రంగు మారింది. తర్వాత జరిగిందాన్ని ఆయన చాలాకాలం దాకా సరిగ్గా చెప్పలేకపోయేవాడు. అక్క రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచింది. "ఓరి నీ అతుకులు తగలెయ్యా! పిల్లల్ని ముంచేశావు గదరా! ఆ చట్రం ఇలా తే!"

"అక్కా, బయటంతా తడి..."

"తే!"

పెరటి గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. కుడి చెయ్యి గుమ్మానికి ఆనింది. ముందుకు కదిలింది. ఆయన ఒకవైపు చట్రాన్నీ, ఇంకొకవైపు ఆమె మోచేతినీ పట్టుకుని, బురదలో చెక్కలు వేసి, ఒక్కో అడుగూ నడిపించాడు. మడి దగ్గరికి వచ్చి అక్క అంచును పట్టుకుంది. చట్రాన్ని పక్కకు తోసేసింది. రెండో చేతిని మోచెయ్యి దాకా ఆ చిత్తడిలో ముంచి, ఒక చిక్కుడు మొలకను పైకి తీసింది. వేరు నల్లబడి, పట్టుకుంటే వేలికి అంటుకుంది. కుళ్ళు వాసన వచ్చింది.

"ఇది మడి కాదురా. పడవ. దీనికి కన్నాలేవీ?"

"కన్నాలా?" మిల్లీమీటరుగారు తన అతుకును తడిమి చూశాడు. "నా పనిలో కన్నాలా?"

"వేరుకి నీళ్ళు కావాలి. తాగాక ఆ నీళ్ళు పోవాలి. నిలవున్న నీళ్ళలో వేరుకి ఊపిరాడదు. ముప్పై ఏళ్ళు నా పక్క గదిలో ఉన్నావు, ఈ ఒక్క ముక్క తెలీదా నీకు?"

"నన్ను పెరట్లోకి రానిచ్చావా ఎప్పుడైనా?"

"కన్నం తొలిచే బరమా పట్రా" అంది అక్క.

ఆయన తెచ్చింది మామూలు బరమా కాదు. పడవల కాలం నాటి నిలువు బరమా. మూరన్నర పొడుగు ఇనుప మర, పైన రెండు చేతులతో తిప్పే అడ్డపిడి. నిలబడి తిప్పేది. తెచ్చాడే గాని, మడి మీదికి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చేతులు దిగలేదు. తన పన్ను తానే పీక్కోవలసినవాడిలా ఉంది ఆయన వాలకం.

"ఇటియ్యి" అంది అక్క.

ముప్పై ఏళ్ళ ఒప్పందం ప్రకారం ఆమె ఆయన పనిముట్టు ముట్టకూడదు. ఆయన ఇచ్చాడు. అక్క నడుమును మడి అంచుకు ఆనించి, మరను బురదలోంచి అడుగుకు దింపి, పిడి తిప్పింది. ఒకటి, రెండు, పది తిప్పులు. చెక్క కిర్రుమంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, మర ఎక్కడ దిగుతోందో చప్పుడుబట్టి తెలుసుకుందామని మడి కింద గొంతుక్కూర్చున్నాడు. కూర్చుంటే కూర్చున్నాడు గాని కన్నం పడే చోటుకి సరిగ్గా కింద కూర్చున్నాడు.

నాలుగు రోజుల వాన ఒక్క ధారగా ఆయన నెత్తి మీద పడింది.

అక్క నవ్వింది. తుంటి విరిగిన తర్వాత మొదటిసారి. నవ్వు ఆపుకోలేక బరమా పిడి పట్టుకుని ఊగింది. కింద నుంచి నల్లటి నీళ్ళు కారుతున్న మొహంతో మిల్లీమీటరుగారు తల పైకెత్తి, "నిదానం, నిదానం, పడతావు" అంటున్నాడు. ఆమె వినలేదు.

"తర్వాత!" అంది, మరను రెండో కన్నానికి జరుపుతూ.

ఆరో కన్నం దగ్గర కసరత్తు పిల్ల గుమ్మంలో కనిపించింది. వానవల్ల ఆ రోజు ఆలస్యమైంది. చేతి గడియారం చూసుకుని, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది. తొమ్మిదో కన్నం అయ్యాక వచ్చి, "అమ్మమ్మగారూ, నేనొచ్చాకే ఇరవై రెండు నిమిషాలండీ. అంతకు ముందెంతో నాకు తెలీదు" అంది.

"దేనికి?"

"నిలబడి."

అక్క తన కాళ్ళవైపు చూసుకుంది, ఎవరివో అన్నట్టు. "కుర్చీ పట్రండి" అంది వెంటనే. ఆ రాత్రి కాలు విపరీతంగా సలిపింది. మర్నాడు పదింటికి మాత్రం కసరత్తు పిల్ల వచ్చేసరికి చట్రం పట్టుకుని గుమ్మం దగ్గర ఉంది. "ఆలస్యంగా వస్తే ఎలా? విత్తనాలు పెట్టాలి. ఉన్నవన్నీ మీ తాత ముంచేశాడు."

ఈసారి గింజలు అక్కే పెట్టింది, వేలితో నొక్కి. వరసలు వంకర పోయాయి. మిల్లీమీటరుగారు వాటిని చూసి, ఊపిరి బిగబట్టి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు. మొదటి రోజు పది నిమిషాలు, తర్వాత పదిహేను, ఇరవై. ముల్లంగి మొలిచింది. చిక్కుడు మొలిచింది. కాని పదో రోజుకల్లా అక్క సాయంత్రాలు కుడి భుజం నొక్కుకోవడం మొదలైంది. నిమిషాలు పెరగడం ఆగిపోయింది. ఇరవై దగ్గర నిలిచాయి, తర్వాత పద్దెనిమిదికి దిగాయి.

"అంచు కాస్త ఎత్తుగా ఉన్నట్టుందండీ తాతగారూ. చెయ్యి పైకెత్తి పనిచేస్తున్నారు" అంది కసరత్తు పిల్ల.

"ఎత్తా?" మిల్లీమీటరుగారు ఒంటికాలి మీద లేచాడు. "తొమ్మిదివందల ఇరవై. కావలిస్తే కొలుచుకో. నీ పుట్టుక ముందు నుంచీ కొలుస్తున్నాను నేను."

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఆయన టేపు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు, తన మాట తనకే రుజువు చేసుకోవడానికి. మచ్చ దగ్గర టేపు పెట్టబోయి ఆగాడు. అంతకు ముందే అక్క మట్టి చేతులతో లోపలికి వెళ్ళింది. గుమ్మం చెక్క మీద ఆమె అరచేతి గుర్తు తడిగా ఉంది. అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళ నున్నటి మచ్చ మీద సరిగ్గా కూర్చోలేదు. కాస్త కిందికి ఉంది.

మచ్చ నడిమి నుంచి గుర్తు నడిమికి కొలిచాడు. రెండోసారి కొలిచాడు. టేపు మీద అనుమానం వచ్చి స్కేలు తెచ్చి మళ్ళీ కొలిచాడు. పద్దెనిమిది మిల్లీమీటర్లు.

తన కొలత తప్పు కాదు. అక్కే ఎత్తు తగ్గింది.

గడప మీద కూర్చున్నాడు. లోపల అక్క చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చిన్నప్పుడు ఆ మనిషి మొహం చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వంచవలసి వచ్చేది. టేపును చుట్టి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మడి కాళ్ళు కోసేద్దామంటే మట్టితో నిండి ఉంది; అదీ గాక, కోస్తే అక్క ఎందుకని అడుగుతుంది. "నువ్వు కుంగిపోయావక్కా" అని చెప్పాలి. మేకు కొట్టడం తెలుసు ఆయనకు. అలాంటి మాట ఎలా కొట్టాలో తెలీదు.

మూడు నెలలు నిండిన రోజున తాపీమేస్త్రి సిమెంటు బస్తాలతో ప్రత్యక్షమయ్యాడు. "మాట మాటే అక్కగారూ" అన్నాడు, గోడ దూకినంత ఉత్సాహంగా. అక్క మడి దగ్గర నిలబడి ఉంది. ముల్లంగి ఆకు ఆమె మణికట్టు దాటింది, చిక్కుడు తీగ పుల్లను రెండు చుట్లు చుట్టింది, బంతి ఒకటి మొగ్గ తొడిగింది.

"ఇదేం రంగు?" అంది.

"పచ్చేనండీ" అన్నాడు తాపీమేస్త్రి, కాస్త నిరాశగా.

"తెచ్చినవాడివి ఉత్తినే ఎందుకు పోతావు గాని, గుమ్మం నుంచి మడి దాకా, మడి చుట్టూ మూడడుగుల బాట వెయ్యి. బురదలో నడవలేక చస్తున్నాను."

"నేలకి సమంగా వేసేస్తాను."

"సమంగా కాదు" అన్నాడు మిల్లీమీటరుగారు. "మడి చుట్టూ మాత్రం నేలకి పద్దెనిమిది మిల్లీమీటర్లు ఎత్తుండాలి."

"పద్దెనిమిదా? మా పనిలో అంత చిన్న అంకెలు లేవు బావా. వేలెడు అంటాం. బెత్తెడు అంటాం."

"పద్దెనిమిది. నేను దగ్గరుండి చూస్తాను."

అక్క ఇటు తిరిగింది. "ఎందుకురా పద్దెనిమిది?"

మిల్లీమీటరుగారు చెవి మీది పెన్సిలు తీశాడు, దాన్ని చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "మడి ఎత్తు కొలవడంలో తప్పుచేశానక్కా. పద్దెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టేశాను."

తాపీమేస్త్రి చేతిలోంచి బస్తా జారి కాలి మీద పడింది. ఆయన నొప్పి కూడా మరిచిపోయాడు. "ఏమన్నావు బావా? మళ్ళీ అను. అక్కగారూ, మీరు సాక్షి!"

"తప్పు చేశానన్నాను. వయసు మీద పడుతోంది. కళ్ళు సరిగ్గా ఆనటం లేదు."

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా పెరటి గుమ్మం వైపు చూసింది. ఎండిన మట్టి గుర్తు ఇంకా అక్కడే ఉంది. ఇల్లంతా అద్దంలా పెట్టుకునే మనిషి ఈ పది రోజులుగా దాన్ని ఎందుకో తుడవలేదు. ఆయనా తుడవలేదు.

"చేసినవాడివి దిద్దుకో మరి" అంది. "తర్వాత!"

సాయంత్రానికల్లా ఆ సంగతి వీధి చివరి ఇంటిదాకా పాకింది. కిర్రుమనే తలుపులవాళ్ళు మరీ సంతోషించారు. "ఏం మేస్త్రీ, పద్దెనిమిదట?" అని షెడ్డు ముందు ఆగి అడిగినవాళ్ళందరికీ ఆయన "అవునండీ, పద్దెనిమిది" అని జవాబు చెప్పాడు.

బాట ఆరింది. మొదటి రోజు అక్క దాని మీద నిలబడి, రెండు మోచేతులూ మడి అంచు మీద ఆనించింది. భుజాలు కిందికి దిగాయి. కసరత్తు పిల్ల పక్కన నిలబడి గడియారం చూస్తోంది. మిల్లీమీటరుగారు కాస్త దూరంలో, ఏదో మేకు వెతుకుతున్నట్టు నేల చూస్తూ తచ్చాడుతున్నాడు.

"ఒరేయ్" అంది అక్క, తల తిప్పకుండా, ముల్లంగి వరసలో కలుపు తీస్తూ. "చిన్నప్పుడు నిన్ను మూడేళ్ళు చంక దింపకుండా తిప్పాను. నువ్వు నన్ను పద్దెనిమిది మిల్లీమీటర్లు ఎత్తడానికి అరవై రెండేళ్ళు పట్టిందిరా."

ఆయన మేకు వెతకడం మానేశాడు. "పంతొమ్మిది" అన్నాడు. "ఆ తాపీవాడు ఒకటి ఎక్కువ వేశాడు. చెబితే వినడు."

"అరగంట అయిందండీ అమ్మమ్మగారూ" అంది కసరత్తు పిల్ల. "ఇక కూర్చోవచ్చు."

"నాకు పనుందమ్మా. ఒరేయ్, ఆ నీళ్ళ చెంబు ఇటియ్యి. తర్వాత!"